కలపని పది మీటర్లు

మా టేపుకు తల లేదు. యాభై మీటర్ల ఉక్కు టేపు అది. కొస ఉంగరంతో పాటు మొదటి నాలుగు వేళ్ల ముక్క ఎప్పుడో రోలరు కింద పడి తెగిపోయింది. కొత్తది మస్కట్ నుంచి రావాలి. అందాకా సర్వే పనివాళ్లందరూ చేసేదే మేమూ చేసేవాళ్లం. సున్నాకు బదులు ఒక మీటరు గీతను నేలలో కొట్టిన పెగ్గు మీద పట్టి, వచ్చిన కొలతలోంచి ఒకటి తీసేసేవాళ్లం. దీన్ని కోత అనేవాళ్లం. వెనక టేపు పట్టిన మనిషి "కోత!" అని అరవాలి. ముందున్న మనిషి అదే మాట తిరిగి అరవాలి. ఫీల్డ్ బుక్కులో పేజీ పైన కోత ఒకటి అని రాసుకోవాలి. ఉన్న దూరాన్ని కొలిస్తే ఒక్కో టేపుకు ఒక మీటరు తీసేయాలి. కొత్తగా దూరం పెట్టాలంటే, ఎన్ని టేపులు పడితే చివర్లో అన్ని మీటర్లు కలపాలి.

ఇది డెబ్బైల నడిమి మాట. ఒమాన్‌లో సోహార్‌కు ఇవతల, సముద్రానికి సమాంతరంగా రోడ్డు వేస్తున్న ఒక జర్మన్ కంపెనీలో నేను సర్వే లెక్కలు చేసేవాడిని. చదివింది ఏడో తరగతి. మా జిల్లాలో కాలువ సర్వేకు గొలుసు మోస్తూ, ఫుట్‌పాత్ మీద కొన్న లాగరిథమ్ పట్టికలతో నాకు నేనే లెక్క నేర్చుకున్నాను. అప్పటికి నాకు ముప్పై ఎనిమిదేళ్లు. నాతో పాటు టేపు లాగే చైన్‌మన్ జగిత్యాల పక్కవాడు, నాకంటే తొమ్మిదేళ్లు చిన్న. మా ఇద్దరి పైన సర్వేయరు జర్మన్. నలభై నాలుగేళ్ల మనిషి. వాళ్ల దేశపు సైన్యంలో పన్నెండేళ్లు చేసి, సార్జెంటుగా బయటికి వచ్చాడు.

ఒకరోజు సైటు పక్కన సుల్తాన్ సైన్యపు లారీ ఆగింది. దిగిన సిపాయి ఛాతీ మీద పతకాల రంగు రిబ్బన్లు రెండు వరసలున్నాయి. లారీ వెళ్లాక చైన్‌మన్ ఊరుకోలేదు.

"సార్, మీరు పన్నెండేండ్లు జేసిన్రు గదా. మీకెన్ని ఉన్నయ్?"

మా ముగ్గురికీ కలిసిన భాష ముక్కల ఇంగ్లీషు, దానికి హిందీ అతుకు. ఆ ముక్కల్లోనే ఆయన జవాబు చెప్పాడు.

"సున్నా."

"అంటే యుద్ధం జెయ్యలేదా?"

"చెయ్యలేదు. మా సైన్యం పాత యుద్ధం అయిపోయాక కొత్తగా కట్టింది. దానికి సొంత పతకం లేదు."

"పన్నెండేండ్లు ఉట్టిగనే జేసిన్రా!" అని చైన్‌మన్ నవ్వాడు. ఆయనా కొంచెం నవ్వాడు.

పాత యుద్ధం చేసినవాళ్లు మాత్రం తమ పాత పతకాలు పెట్టుకోవచ్చట. కానీ ఆ పతకాల మీద హిట్లర్ గుర్తు ఉండేది. దాన్ని తీసేశాకే పెట్టుకోవాలని చట్టం వచ్చిందట. ఆయన పైఅధికారి ఒకాయన అంగట్లో డబ్బిచ్చి, నడుమ ఆ గుర్తుకు బదులు ఓక్ ఆకులున్న పతకం కొనుక్కున్నాడట. అది విన్నాకే నాకు దసరా సంగతి అర్థమైంది. అంతకుముందు దసరాకు చైన్‌మన్ సామాన్ల పెట్టె మీద కుంకుమతో స్వస్తికం వేశాడు. సర్వేయరు వచ్చి చూశాడు. తుడవమని అనలేదు. పెట్టెను మాత్రం ఆ ముఖం గోడకు ఉండేటట్టు తిప్పి వెళ్లిపోయాడు.

"మాది పూజది సార్, వేరే," అన్నాడు చైన్‌మన్.

"తెలుసు," అన్నాడాయన.

లారీ ఆగిన రోజే ఇంకో పతకం సంగతీ చెప్పాడు. ఒకసారి వాళ్ల ఉత్తరాది నగరం ఒకదాంట్లోకి సముద్రం వచ్చిందట. సిపాయిలు ఇసుక బస్తాలు మోసి, మనుషుల్ని పడవల్లో ఎక్కించారట. ఆ ఊరు వాళ్లకు కృతజ్ఞతగా పతకం ఇచ్చింది. ఆయన దళంలో చాలామందికి వచ్చింది.

"మీకో?" అన్నాడు చైన్‌మన్.

"ఆ వారం నేను ఆస్పత్రిలో ఉన్నాను. కడుపు ఆపరేషన్."

మరి ఆయన యూనిఫారం మీద పెట్టుకునేది ఒక్కటే, క్రీడల బ్యాడ్జి. అది సైన్యం ఇచ్చేది కాదు, ఎవరైనా పరీక్షకు నిలబడి తెచ్చుకోవచ్చు. ఈత, దూకడం, చిన్న పరుగు, గుండు విసరడం, పెద్ద పరుగు, ఐదూ ఒకే ఏడాదిలో నెగ్గాలి. ఆయనకు తొమ్మిదిసార్లు వచ్చింది. పదోసారి వస్తే బ్యాడ్జి మీద పది అని అంకె పడుతుంది. మార్చిలో సెలవు మీద వెళ్లి, పాత దళంతో రెండు వారాలు రిజర్వు డ్యూటీ చేయాలి. ఆ అంకెతో వాళ్ల ముందు నిలబడాలని ఆయన కోరిక. అప్పటికే కుడి మోకాలిలో నీరు చేరి ఉంది. ఇదే ఆఖరు, ఇక పరుగెత్తొద్దని డాక్టరు చెప్పాడు. మిగతా నాలుగూ జనవరిలోనే అయిపోయాయి. మిగిలింది గడువులోగా ఐదు వేల మీటర్ల పరుగు.

ఆ పరుగు పెట్టుకున్న వారంలో, బుధవారం నాకు ఇంటినుంచి ఉత్తరం వచ్చింది. కాన్పులో మా చెల్లెలు పోయిందని బావ రాయించాడు. పైన వేసిన తేదీ చూసి లెక్కపెట్టాను. ఉత్తరం రావడానికి పద్దెనిమిది రోజులు పట్టింది. పదకొండో రోజు, పన్నెండో రోజు అన్నీ అయిపోయాయి. మడిచి పెట్టెలో పెట్టాను. ఏమీ అనిపించలేదు. చేతి మీద పడుకుని లేస్తే ఆ చెయ్యి మనది కానట్టు ఉంటుంది చూడండి, మనిషంతా అలా ఉన్నాను. చైన్‌మన్ ఒక్కడికి చెప్పాను. గురువారం డ్యూటీకి వెళ్లాను. సాయంత్రం సర్వేయరు అడిగితే, క్యాంపు గేటునుంచి సర్వీసు రోడ్డు మీద ఐదు వందల మీటర్లు కొలిచి, కొసన ఒక ఖాళీ డ్రమ్ము పెట్టించాను. గేటునుంచి డ్రమ్ము దాకా పోయి రావడం ఐదుసార్లు.

శుక్రవారం పొద్దున మస్కట్ ఆఫీసునుంచి ఒక పెద్ద ఇంజనీరు వచ్చాడు. ఈ పరీక్షలు చూసి సంతకం పెట్టే అనుమతి ఆయనకు ఉంది. స్టాప్‌వాచీ ఆయన పట్టుకున్నాడు. సర్వేయరు గడువుకు పదకొండు సెకన్లు ముందు గేటు దాటాడు. మోకాలు పట్టుకుని నేలమీద కూర్చుని నవ్వాడు. ఆయన పళ్లు అన్నీ ఒకేసారి చూడడం నాకు అదే మొదలు. ఫారం మీద దూరం అన్న గడి దగ్గర నా సంతకం తీసుకున్నారు. పెద్ద ఇంజనీరు ఆ కాగితం తీసుకుని మస్కట్ వెళ్లిపోయాడు.

సోమవారం వేరే లైను లెక్క తేలుస్తూ పేజీలు తిప్పుతుంటే ఆ గురువారం పేజీ వచ్చింది. పైన నా చేతిరాతే, కోత ఒకటి. కింద టేపులు పది. దాని కింద ఐదు వందలు అని రాసి రెండు గీతలు కొట్టాను. పది టేపులంటే నాలుగు వందల తొంభై. చివర కలపాల్సిన పది కలపలేదు.

పోవడం రావడం ఐదుసార్లు. వంద మీటర్లు తక్కువ. ఆయన వేగం మీటరుకు సుమారు సెకనులో మూడో వంతు. వంద మీటర్లకు ముప్పై మూడు సెకన్లు. ముందున్న పదకొండు తీసేస్తే ఇరవై రెండు సెకన్లు ఆలస్యం. లెక్క అంతే. రెండుసార్లు చేశాను, అంతే వచ్చింది. పద్నాలుగేళ్లలో నా పేజీలో తప్పు పట్టినవాళ్లు లేరు. భయం వేయాలి, సిగ్గు వేయాలి. ఏదీ వేయలేదు.

సాయంత్రం ఇంకో సర్వే పార్టీ దగ్గర మంచి టేపు అడిగి తెచ్చి, చైన్‌మన్‌తో మళ్లీ కొలిచాను. నాలుగు వందల తొంభై. మూడు వేళ్లు ఎక్కువ.

"ఇగ ఊకో అన్నా," అన్నాడు చైన్‌మన్. "గా డ్రమ్ము ఈడనే ఉంటదా? రేపు నేనే దొర్లిస్త. ఖలాస్. జర్మనీకెల్లి ఎవడన్న టేపు పట్టుకొని వస్తడా?"

"కాగితం మీద నా సంతకం ఉంది."

"ఉండనీ. ఆయన సంబురంగున్నడు, నువ్వు పోయి చెప్తవ్, నీ నౌకరి పీకి ఇంటికి తోల్తడు. ఎవలకు లాభం?"

"వంద తక్కువుంది."

"నీ తలకాయల అంకెలు తప్ప ఏం లేదన్నా," అని టేపు చుట్టుకుని ముందు నడిచాడు.

మంగళవారం పొద్దున ఫీల్డ్ బుక్కు తెరిచి సర్వేయరు బల్ల మీద పెట్టాను. వేలు పెట్టి చూపించాను. ఆయన కూడా లెక్క మనిషే, నేను చెప్పాల్సిన పని లేకపోయింది. ఆయన పెదవులు కదిలాయి, ముప్పై మూడు, పదకొండు.

"నువ్వు ఎప్పుడూ మర్చిపోవు," అన్నాడు.

గుమ్మంలో నిలబడ్డ చైన్‌మన్ హిందీలో అందుకున్నాడు. "సార్, బుధవారం ఈయనకు ఖత్ వచ్చింది. బహెన్ చనిపోయింది. చిన్నది. పాపతోని సహా."

సర్వేయరు నా వైపు చూశాడు. "గురువారం నువ్వు పనికి వచ్చావు."

"వచ్చాను సార్."

"ఎందుకు చెప్పలేదు? నేను పంపేవాడిని."

"అప్పటికే పద్దెనిమిది రోజులైంది సార్."

బుక్కు మూసి నా చేతికిచ్చాడు. తిట్టలేదు. రెండు రోజులు పని మాటలు తప్ప ఇంకే మాటా లేదు. అందరం ఎండలో లెవెల్ పట్టాం, పెగ్గులు కొట్టాం. చైన్‌మన్ నాతో, "తిట్టినా బాగుండునే," అన్నాడు. గురువారం సాయంత్రం సర్వేయరు చెప్పాడు, మస్కట్‌కు చీటీ పంపానని, ఆ ఫారం ముందుకు పంపొద్దని రాశానని, రేపు కాక ఆపై శుక్రవారం మళ్లీ పరుగని.

"మీ మోకాలు?"

"మోకాలు దాని పని అది చూసుకుంటుంది. నువ్వు దూరం చూడు."

ఆ శుక్రవారం తెల్లవారగానే మా తెగిన టేపుతోనే కొలిచాం. మంచి టేపు తెస్తానంటే వద్దన్నాడు. వెనక ఆయనే కూర్చుని మీటరు గీతను పెగ్గు మీద పట్టి "కోత!" అని మా మాటతోనే అరిచాడు. ఆ మాట ఆయన నోట్లో వంకరగా పలికింది. చైన్‌మన్ ముందునుంచి అంతే వంకరగా తిరిగి అరిచాడు. పది టేపులయ్యాక ఎవరం కదల్లేదు. ఇద్దరూ నన్నే చూస్తున్నారు. "పది కలపాలి," అన్నాను. కలిపాం. డ్రమ్ము దొర్లించి అక్కడ నిలబెట్టాం.

మూడు చుట్ల దాకా ఆయన బాగానే ఉన్నాడు. నాలుగోదాంట్లో డ్రమ్ము దగ్గర తిరిగేటప్పుడు కుడికాలు పక్కకు పోయింది. పడలేదు. అక్కడినుంచి ఆ కాలును వెంట తెచ్చుకుంటున్నట్టు పరుగెత్తాడు. చైన్‌మన్ పక్కన ఉరుకుతూ "చలో సార్, చలో, ఇగ ఒక్కటే!" అని అరుస్తున్నాడు. నేను గేటు దగ్గర చుట్లకు గీతలు పెడుతూ నిలబడ్డాను. నా పని అదే. ఆయన గేటు దాటాడు. మస్కట్ నుంచి మళ్లీ వచ్చిన పెద్ద ఇంజనీరు వాచీ నాకు చూపించాడు. గడువు దాటి నలభై ఒక్క సెకన్లు.

సర్వేయరు, జీపు డ్రైవరు తెచ్చిన కుర్చీలో కూర్చుని కాలు చాపుకున్నాడు. మోకాలు అప్పుడే గుండ్రంగా ఉబ్బింది. పెద్ద ఇంజనీరు వంగి జర్మన్‌లో ఏదో చెప్పాడు. తర్వాత నాకు అర్థం కావాలనేమో ఇంగ్లీషులో కూడా అన్నాడు. "పాత కాగితం ఇంకా నా సొరుగులోనే ఉంది. దాని మీద దూరం ఐదు వేలనే రాసి ఉంది."

సర్వేయరు నా వైపు వేలు చూపించి ఒక్క మాట అన్నాడు, వాళ్ల భాషలో. ఏమన్నాడో నాకు తెలియదు. పెద్ద ఇంజనీరు నిటారుగా లేచి, వాచీ జేబులో వేసుకుని, జీపు వైపు వెళ్లాడు.

"రాశావా?" అని సర్వేయరు నన్ను అడిగాడు.

"రాశాను."

"చదువు."

చదివాను. దూరం ఐదు వేల మీటర్లు, కోత కలిపినది. సమయం ఇన్ని నిమిషాలు, ఇన్ని సెకన్లు. గడువు పైన నలభై ఒకటి. ఆయన తల ఊపుతూ విన్నాడు. ఆ పేజీ తనకు కావాలన్నాడు. ఫీల్డ్ బుక్కులో పేజీ చింపకూడదు. ఆ మాటే చెప్పాను. నకలు రాసివ్వమన్నాడు. ఓడిన పరుగుకు ఫారం లేదు కాబట్టి తెల్లకాగితం మీదే రాసి, కింద సంతకం పెట్టి ఇచ్చాను. మొదటినుంచి చివరిదాకా చదివి, తేదీ వేయలేదన్నాడు. వేశాను. కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి చొక్కా జేబులో పెట్టుకున్నాడు. చైన్‌మనూ నేనూ చెరో పక్క పట్టుకుని ఆయన్ను రూమ్ దాకా నడిపించాం.