గోర్లు తీసింది ఆయన, అలిగింది నా మీద

మాది సిరిసిల్ల. ఇంట్లనే రెండు సాంచెలు పెట్టుకొని బట్ట నేస్తం. మా కుక్క బిట్టు పోయి ఆ నేసిన బట్ట మీదనే పండుతది. పోయినేడు దాని గోర్లు బాగ పెరిగి, బట్టకు తట్టి పోగులు లేస్తుండె. తీద్దామంటే, కత్తెర చూస్తే చాలు మంచం కిందికి ఉరుకుతది.

"నువ్వు పిలిస్తేనే వస్తది. జర ఒళ్లె పట్టుకో, కొసలే తీస్త" అన్నడు మా ఆయన.

"రా బిడ్డా, ఏం గాదు" అని పిలిచిన. వచ్చి నా ఒళ్లె తలకాయ పెట్టింది. గట్టిగ పట్టుకున్న. మూడు గోర్లు మంచిగనే తీసిండు. నాలుగోది లోతుకు తెగి రక్తం కారింది. బిట్టు ఒర్లింది. కరుస్తదేమోనని భయపడ్డ. కరవలే. నా మొఖం దిక్కు ఒక్కసారి చూసి, విడిపించుకొని పోయింది.

పసుపు పెట్టబోతే నన్ను చూసి గుర్రుమన్నది. ఆయన పెడితే మాత్రం కాలు చేతికిచ్చింది! మూడు దినాలు నేను పెట్టిన బువ్వ ముట్టలే. ఆయన పెడితే తోక ఊపుకుంట తిన్నది.

నాకు ఒళ్లు మండింది. "కొసలే తీస్తనని చెప్పి కోసింది నువ్వు గద! నా మీద అలుగుడేంది?" అని ఆయన మీద పడ్డ.

ఆయన నవ్వలే. "నేను దానికేం చెప్పలే. ఏం గాదని పిలిచింది నువ్వు" అన్నడు.

బిట్టు ఇప్పుడు మళ్ల నా ఒళ్లెకు వస్తది. కానీ ముందుగాల నా చేతులు వాసన చూసి వస్తది.