కత్తెర పడని నాచు

యుద్ధం మొదలైన ఏటికి ముందటి ఏడు, సంక్రాంతితో మొదలయ్యే తై నెలలో, ఫ్రెంచివాళ్ళ ఏలుబడిలో ఉన్న మా ఊరి బడిలో సముద్రపు నాచు అట్టలు చేయించారు. ఏడూ నెలా నేను మరిచిపోలేదు. ఆ కోపమూ తగ్గలేదు.

దొరసాని టీచరు నేర్పిన పద్ధతి ఇది. పళ్ళెం నీళ్ళలో దళసరి కాగితం ముంచి, దానిమీద నాచును తేలనివ్వాలి. కొమ్మలు విడిపోయాక మెల్లగా పైకెత్తి, పాత గుడ్డ కప్పి, బరువు పెట్టి ఆరనివ్వాలి. అన్నిటికన్నా బాగున్న అట్ట కింద పిల్ల పేరు రాసి ఫ్రాన్సుకు పంపుతారు. ఆ పేరు నాదే కావాలని నా పట్టుదల.

సముద్రంలోకి కట్టిన ఓడల వంతెన దగ్గర ఒకే రాయి నుంచి మూడు నాచు మొక్కలు తెచ్చాను. అల నేరుగా కొట్టే వైపుది వేలెడు పొడవు, మందం, పీకితే ఓ పట్టాన రాదు. రాయి చాటుది జడంత పొడుగు, మెత్తన. మూల తిరిగేచోటిది రెంటికీ నడుమ. రాయి చుట్టూ తడుముతూ పోతే పొట్టిదే కొంచెం కొంచెంగా పొడుగవుతూ వస్తుంది. అంతా ఒకటే నాచు. దెబ్బలు తినేచోట కురచగా, గట్టిగా పెరిగింది, అంతే.

ఒర్లియంపేటలో మా ఇంట్లో మూడిటినీ అట్టలకెక్కించి ఆరబెట్టాను. పొడుగుది కాగితం దాటి వేలాడడం అవ్వకు నచ్చలేదు. తెల్లారి నేను లేచేసరికి అడకత్తెరతో అంచు సమం చేసేసింది. తమలపాకుల తొడిమలు తీసినట్టే.

"అవ్వా, దీని కొస యాడ పోయింది?"

"చింపిరిగా ఉంటే దొరల దేశానికి పంపుతారా ఏంది? ఇప్పుడు చూడు, ఎంత లక్షణంగా ఉందో!"

బడిలో టీచరు ఆ అట్టనే ఎత్తి పట్టుకుంది. "ఇదీ నాచంటే! పుస్తకంలో బొమ్మలాగే ఉంది." మిగతా రెండూ చూసి మొహం చిట్లించింది. "మూడు రకాలు తెచ్చానని చెప్పుకోవడానికి వీటిని కత్తిరించావు కదూ?"

"లేదమ్మా, కత్తెర పడింది మీ చేతిలోదానికే. వీటిలో ఒకటి అల కొట్టేవైపుది, ఒకటి మూలది. రండి, రాయి చూపిస్తాను."

"ఓహో! సముద్రం క్షవరం కూడా చేస్తుందా?"

పిల్లలంతా పగలబడి నవ్వారు. బడి మెట్ల మీంచి వంతెన కనబడుతుంది. ఆమె ఒక్క అడుగు కదల్లేదు. పొట్టివి రెండూ చెత్తబుట్టలో వేసి, అవ్వ కత్తిరించినదాని కింద నా పేరు ముత్యాల్లా రాసింది.

"అయితే నా పేరు కొట్టేయండి," అన్నాను.

"పొగరు!" అని కొట్టేసింది. అట్ట మాత్రం ఫ్రాన్సుకు పోయింది.

బుట్టలోంచి ఆ రెండూ తీసుకుని ఇంటికొచ్చి, జరిగిందంతా అవ్వకు చెప్పాను.

"అయితే దొరల దేశానికి నా చేతి పనే పోయిందన్నమాట!" అని మురిసిపోయింది.

న్యాయంగా ఆ అట్ట కింద ఆమె పేరే ఉండాలి.