బ్యాకప్ పెట్టడానికి వచ్చిన స్నేహితురాలు

నరసరావుపేటలో నేను పనిచేసే ఆసుపత్రిలో కంప్యూటర్ల బాధ్యతంతా నాదే. రోగుల రికార్డులు, స్కానింగ్ బొమ్మలు అన్నీ మెట్ల కింది గదిలో ఉన్న లినక్స్ సర్వర్‌లో ఉంటాయి. రోజూ సాయంత్రం వాటిని ఒక బయటి డిస్కులోకి కాపీ చేసేదాన్ని. ఒకరోజు డాక్టరుగారు పిలిచి, "చేత్తో చేసే కాపీలు చాలవమ్మాయ్. దానంతటదే బ్యాకప్ తీసే సాఫ్ట్‌వేర్ పెట్టిస్తున్నా. రేపు ఇంజనీరు వస్తుంది, దగ్గరుండి చూసుకో" అన్నారు.

వచ్చిన ఇంజనీరు డిగ్రీలో నా పక్కన కూర్చున్న చిలకలూరిపేట అమ్మాయి. ల్యాబ్‌లో తన ప్రోగ్రామ్ నడవకపోతే నా స్క్రీన్ వైపు తొంగిచూసేది.

"ఏమే, నువ్వా! ఇంకా ఇక్కడే ఉన్నావా?" అంటూ వాటేసుకుంది.

ఆ "ఇంకా" నాకు గుచ్చుకుంది. డాక్టరుగారు ఆమెను తన గదిలో కూర్చోబెట్టి కాఫీ తెప్పించారు. ఇన్నేళ్ళలో నన్నెప్పుడూ అక్కడ కూర్చోమనలేదు.

సర్వర్ ముందు ఆమె వేళ్ళు చకచకా కదులుతుంటే వెనక నిలబడి చూశాను. సాఫ్ట్‌వేర్ ఎక్కించింది. మారిన ఫైళ్ళు మాత్రమే గంటగంటకూ పై అంతస్తులోని ఇంకో మెషీన్‌కు వెళ్ళేలా పెట్టింది. ఎక్కడైనా తప్పు చూపే ఎర్ర అక్షరాలు రావాలని కోరుకున్నాను. రాలేదు. మొదటి బ్యాకప్ రెప్పపాటులో పూర్తయింది.

ఆమె ముఖం చిట్లించింది. "ఇంత తక్కువేందే? స్కానింగ్ బొమ్మలే చానా ఉండాలి కదా."

పాత డిస్కు నిండినప్పుడు వాటిని రెండో డిస్కులోకి మార్చింది నేనే. అవి ఎక్కడున్నాయో నాకు తప్ప ఎవరికీ తెలియదు. చెప్పకుండా ఊరుకుందామా అనిపించింది. తర్వాత చెప్పాను. ఆమె ఆ డిస్కును కూడా బ్యాకప్‌లో చేర్చి, పరీక్షగా ఒక ఫోల్డర్ తీసేసి, మళ్ళీ వెనక్కి తెప్పించి చూపించింది. చూడటానికి వచ్చిన డాక్టరుగారు చప్పట్లు కొట్టారు.

వానాకాలంలో ఒక పొద్దున కరెంటు హెచ్చుతగ్గులకు సర్వర్ డిస్కులు కాలిపోయాయి. బయట రోగులు, రిసెప్షన్‌లో అరుపులు. కొత్త డిస్కులు బిగించి, పై అంతస్తులోని బ్యాకప్ నుంచి రికార్డులన్నీ ఒక్కదాన్నే వెనక్కి తెచ్చాను. మధ్యాహ్నానికి ఓపీ మొదలైంది. డాక్టరుగారు నా ముందే ఫోన్ తీసి ఆమెకు చేశారు. "నీ వల్ల బతికిపోయామమ్మా!"

సర్వర్ గదిలోకి వెళ్ళి తలుపు వేసుకున్నాను. అన్నం డబ్బా తెరవబుద్ధి కాలేదు. కాసేపటికి ఆమె నుంచే ఫోన్.

"ఆయన నాకెందుకు థాంక్స్ చెబుతున్నాడే? చేసింది నువ్వు కదా! ఆ మాటే ఆయనతో అన్నాను."

"నువ్వెందుకు చెప్పడం?" అన్నాను. గొంతు నేననుకున్నదానికంటే కరుకుగా వచ్చింది.

"చెప్తే తప్పేందే?" అంది, అర్థంకాక.

తప్పేమీ లేదు. అదే నాకు మరీ మండింది. కాస్త గొప్పలు పోయినా హాయిగా తిట్టుకునేదాన్ని.

మర్నాడు డాక్టరుగారు తలుపు దగ్గర ఆగారు. "అంతా నువ్వే చేశావంటగా! మాచర్ల బ్రాంచిలో కూడా బ్యాకప్ పెట్టాలి. నువ్వే వెళ్ళిరా."

ఆ "అంట" వెనక ఎవరున్నారో తెలిసినా, తలూపాను. మాచర్ల బస్సులో ఉండగా ఆమె మెసేజ్ వచ్చింది, ఏదైనా సాయం కావాలా అని. సర్వర్ పని పూర్తయి, వెనక్కి తెప్పించిన ఫైలు తెరుచుకున్నాకే జవాబిచ్చాను, అక్కర్లేదని.