పందొమ్మిది పాయింట్ ఆరు

నలభై మూడేండ్ల వయసుల ఎమ్మెస్సీ కెమిస్ట్రీల చేరిన. మొదటి వారమంత చుట్టాలు, వాడకట్టోళ్లు అందరు ఒక్కటే అడిగిన్రు, ఈ వయసుల చదువు ఎట్లెక్కుతుందని. చదువు సంగతి తరువాత. ముందుగాల నాకు వచ్చింది ఓకరింత.

కాలేజీ నాచారంల, గ్రానైట్ బండలు కోసే షెడ్డు వెనుక ఉన్నది. కింది అంతస్తుల డిగ్రీ పిల్లలు, పైన మేము. మా ఇల్లు ఉప్పల్‌ల. షేర్ ఆటోల పావుగంట తొవ్వ. ఆ తొవ్వ నాకు పదిహేడేండ్ల నుంచి తెలుసు, ఎందుకంటె నేను పనిచేసిన మందుల ఫ్యాక్టరీ కూడ ఆ దిక్కే ఉండె. గోలీలు బయటికి పోకముందు వాటిని పరీక్ష చేసే ల్యాబుల పని నాది. మా యూనిట్‌ను రింగురోడ్డు అవతలికి మార్చిన్రు. అంత దూరం రోజు పోయి రావుడు నాతోని కాలేదు. ఇంకో రెండు ఫ్యాక్టరీలల్ల అడిగితె ఎమ్మెస్సీ ఉండాలన్నరు. నేను చెయ్యి పట్టుకొని పని నేర్పిన పిల్లలే ఆ కాయితం ఉన్నందుకు నా మీద ఆఫీసర్లయిన్రు. సరే, ఆ కాయితమేదో నేను కూడ తెచ్చుకుంట అనుకున్న.

మా ఆయన ప్రైవేటు బస్సుల షెడ్డుల మెకానిక్. "రెండేండ్లే గద, పో" అన్నడు. ఇంటర్ చదివే మా బిడ్డ తన పాత బ్యాగు దులిపి ఇచ్చింది.

క్లాసుల పద్దెనిమిది మందిమి. నేను తప్ప అందరు ఇరవై రెండు, ఇరవై మూడు ఏండ్లోళ్లు. మొదటి రోజు నేను లోపటికి పోంగనే నలుగురు లేచి నిలబడ్డరు, లెక్చరర్ అనుకొని. ఆఖరి బెంచీల పోయి కూసున్నంక నవ్విన్రు. అప్పటి నుంచి నేను ఆంటీని. ఆ మాటకు నాకు కోపం రాలేదు. వాళ్లు మంచి పిల్లలే. నాకు రోత పుట్టింది వేరేవాటి మీద.

ఆడోళ్ల బాత్రూముకు గడియ లేదు. ఒకరు లోపటికి పోతె ఒకరు బయట తలుపు పట్టుకొని నిలబడాలె. బకెట్ల నీళ్లు ఎన్నటివో, పైన పాచి. నేల మీద తడి ఎప్పుడు ఆరదు, ఆ తడి ఏందో అడగకుండ చీర కుచ్చిళ్లు ఎత్తి పట్టుకొని పోవాలె. నేను పొద్దున ఇంట్ల నీళ్లు తాగుడు బంద్ జేసిన. రెండో వారానికల్ల మూత్రంల మంట. దవాఖానల డాక్టరమ్మ, "నీళ్లు బాగ తాగుండ్రి" అని చెప్పింది. ఏమని చెప్పాలె ఆమెకు?

ల్యాబు ఇంకా అధ్వానం. సింకుల టీ పొడి, అన్నం మెతుకులు, పగిలిన గాజు ముక్క. బీరువల గాజు సామాను మీద ఏండ్ల దుమ్ము. బ్యూరెట్ అంటరు, కింద తిప్పితె చుక్క చుక్క కారే పొడుగు గాజు గొట్టం. నాకు ఇచ్చినదాని లోపల పసుపు జిడ్డు పట్టి ఉన్నది. పదిహేడేండ్లు అద్దమోలె మెరిసే గాజు పట్టిన చేతులు నావి. ముట్టబుద్ధి కాలేదు. సబ్బు నీళ్లు పోసి, బ్రష్షు పెట్టి తోమి, మూడుసార్లు కడిగి నిలబెట్టేసరికి ముప్పావుగంట. పక్క బల్లల పిల్లగాండ్లు చేతులు కట్టుకొని నన్నే చూస్తున్నరు.

ల్యాబు సార్‌కు ముప్పై ఏండ్లుంటయి. సన్నగ, ఎప్పుడు నిద్ర చాలనట్టు ఉంటడు. నా దగ్గరికి వచ్చి, "మేడమ్, ఎందుకంత కష్టం? ఉన్నది రెండు గంటలే" అన్నడు. నన్ను మేడమ్ అన్న మనిషి కాలేజీల ఆయనొక్కడే.

ఆ రోజు ప్రయోగం చిన్నది. ఇచ్చిన నీళ్లల్ల ఇనుము ఎంతున్నదో కనుక్కోవాలె. పైన గొట్టంల పర్మాంగనేట్ ద్రావణం, ముదురు ఊదారంగుది. కింద గాజు కుప్పెల ఇనుము నీళ్లు. చుక్క చుక్క వదులుకుంట పోతె, ఒకానొక చుక్కకు కింద నీళ్లు లేత గులాబీ రంగుకు తిరుగుతయి. అక్కడ ఆపి, పైనుంచి ఎన్ని ఎమ్మెల్ దిగిందో రాసుకోవాలె. ఫ్యాక్టరీల ఇసుంటివి రోజుకు పది చేసేదాన్ని.

నాకు ఇరవై నాలుగు పాయింట్ ఒకటి వచ్చింది. మళ్ల చేసిన. ఇరవై నాలుగు పాయింట్ రెండు వచ్చింది. మూడోసారి మళ్ల ఇరవై నాలుగు పాయింట్ ఒకటి.

తలెత్తి చూస్తె, మిగిలినోళ్లు ఎవరు గొట్టం దగ్గర లేరు. అందరు ఒక బల్ల చుట్టు చేరి రికార్డు బుక్కులల్ల రాస్తున్నరు. నడుమ పోయినేటి పిల్లల రికార్డు ఒకటి తెరిచి ఉన్నది. నా బల్లకు జోడీగ ఉన్న పిల్ల కూడ అక్కడే ఉన్నది. జనగామ దిక్కు పిల్ల, ఉప్పల్‌ల హాస్టల్ల ఉంటది. ఆంటీ అనకుండ అక్కా అని పిలిచేది ఆ పిల్ల ఒక్కతే.

"అక్కా, పందొమ్మిది పాయింట్ ఆరు రాయి" అన్నది.

"నాకు ఇరవై నాలుగు వచ్చింది గద."

"ఎవలకేమొచ్చినా పందొమ్మిది పాయింట్ ఆరే. రికార్డుల అదే ఉన్నది."

నేను ద్రావణం సీసా తీసి చూసిన. అడుగున గోధుమరంగు మడ్డి పేరుకపోయి ఉన్నది. లేబుల్ మీద తారీఖు రెండేండ్ల కిందిది. పర్మాంగనేట్ చెడిపోతె పల్చబడ్తది, పల్చబడితె ఎక్కువ దిగుతది. నా చెయ్యి తప్పు కాదు. సార్‌కు సీసా చూపిచ్చిన. ఆయన సీసా దిక్కు చూడలేదు.

"ఇరవైకి లోపల రావాలె మేడమ్. రికార్డుల ఉన్నది రాయండి, అయిపోతది."

నేను ఇరవై నాలుగు పాయింట్ ఒకటే రాసిన. ద్రావణం పాతదని కింద ఒక ముక్క కూడ రాసిన. పదికి నాలుగు మార్కులు వచ్చినయి. గొట్టం ముట్టనోళ్లకు తొమ్మిది.

మందుల ఫ్యాక్టరీల ఒకసారి ఒకామె, చూసిన రీడింగు కాకుండ రావాల్సిన రీడింగు రాసి దొరికింది. నాకంటె పెద్దామె, రోజు నా పక్కన కూసోని అన్నం తినేది. ఆ మధ్యాహ్నమే ఇంటికి పంపిన్రు. ఆమె ఏడ్చుకుంట గేటు దాటుతుంటె నాకు పాపమనిపించింది, కాని పంపుడు తప్పనిపించలేదు. ఆ గోలీ ఎవరో మింగుతరు. ఇక్కడ పద్దెనిమిది మంది ఎమ్మెస్సీలు అదే పని రంగు పెన్నులతోని హెడ్డింగులు కొట్టి మరీ నేర్చుకుంటున్నరు. రేపు వీళ్లే పోయి ఆ గోలీల మీద సంతకం పెడతరు.

ఇంక క్లాసులు. ఒక మేడమ్ ఫోన్ల చూసుకుంట చదువుతది, మేము రాసుకోవాలె. ఒక సార్ బోర్డు మీద లెక్క మొదలువెట్టి నడుమల ఇడిసిపెట్టి, "మిగిలింది ఇంట్ల చేసుకోండి" అంటడు. నాకు ఇరవై ఏండ్ల కింద చదివిన గణితం ఒక్క ముక్క గుర్తుకు లేదు. ఒక పేజీ నాలుగుసార్లు చదివితె గని తలకెక్కదు. అద్దాలు పెట్టుకుంటె పుస్తకం కనవడ్తది, బోర్డు కనవడదు. ఆ చిన్న బెంచీల మోకాళ్లు మడిచి మూడు గంటలు కూసుంటె నడుము పట్టుకపోయేది. దాన్నైతె ఓర్చుకున్న. చేతగాకపోవుడు రోత పనేం కాదు.

మూడో వారం మా అత్తమ్మకు బీపీ లేచి, రెండు రోజులు ఆమెను పట్టుకొని దవాఖానల ఉన్న. అట్ల ఒక ల్యాబు పోయింది. మరుసటి రోజు రికార్డు ఇయ్యాలె. ఇయ్యకపోతె సున్నా. జనగామ పిల్ల తన రికార్డు తెచ్చి నా ముందట పెట్టింది.

"రాసుకో అక్కా. పది నిమిషాల పని. ఎవలు చూస్తరు?"

క్యాంటీన్ల కూసున్న. బల్ల మీద ఎవరో ఇడిసిన చట్నీ ఎండిపోయి ఉన్నది, దాని మీద ఈగలు. రికార్డు తెరిచిన. ద్రావణం అదే పర్మాంగనేట్, ప్రయోగం వేరేది, అంకె వేరేది. ఆ పిల్ల రికార్డుల మూడు రీడింగులు ఒక్కతీరుగ ఉన్నయి. చూడంగనే దొంగదని తెలుస్తది, ఏ చేతికి మూడుసార్లు సరిగ్గ అంతే రాదు. నేను మొదటిది కొంచెం ఎక్కువ రాసిన, మొదటిసారి ఎవరికైనా ఒక చుక్క ఎక్కువ దిగుతది గనుక. రెండోది కొంచెం తక్కువ. మూడోది సరిగ్గ. నడుమ ఒక అంకె కొట్టేసి పక్కన దిద్దిన, నిజంగ చేసినట్టు కనవడాలని.

సార్ దాన్ని చూసి ఎర్ర పెన్నుతోని గుడ్ అని రాసి, పదికి తొమ్మిది ఏసిండు.

ఆ గుడ్ చూసినంక, ఆ గడియ లేని బాత్రూముకే పోయి కక్కుకున్న. తలుపు పట్టుకొని నిలబడ్డ జనగామ పిల్ల, "ఏమైంది అక్కా, క్యాంటీన్ల ఏమన్న తిన్నవా" అన్నది. బాత్రూము, సింకు, ఈగలు, అన్నిటిని అసహ్యించుకున్నదాన్ని. క్లాసు పిల్లలకు దొంగ రాత చేతగాలేదు. నాకు మంచిగ చేతనయింది. పదిహేడేండ్లు నేర్చుకున్న పనంత పెట్టి, ఎవరు పట్టుకోలేనట్టు చేసిన.

పొద్దుగూకినంక ఇంట్ల మా ఆయనకు చెప్పిన. రొట్టె తింటున్నడు. "అందరు చేస్తరు, ఇడిసిపెట్టు" అన్నడు.

"నువ్వు బ్రేకులు చూడకుండ చూసిన అని సంతకం పెడ్తవా?" అని అడిగిన.

లేదంటడనుకొనే అడిగిన. ఆయన తుంచిన రొట్టె ముక్కను మళ్ల పళ్లెంల పెట్టిండు. "రెండుసార్లు పెట్టిన. పొద్దున బస్సు బయటికి పోవాలని తొందర పెట్టిన్రు. ఏం కాలేదు" అన్నడు. ఇరవై ఏండ్ల సంసారంల ఆ ముచ్చట నాకు తెల్వదు. మా బిడ్డ పుస్తకంల నుంచి తలెత్తి ఇద్దరి దిక్కు చూసి, మళ్ల తల దించుకున్నది. ఆమె ముందట అడిగినందుకు సిగ్గయింది.

మరుసటి రోజు ల్యాబు సార్ దగ్గరికి పోయిన. "సార్, ఆ తొమ్మిది తీసేయండి. నేను ఆ ప్రయోగం చెయ్యలేదు" అని చెప్పిన.

ఆయన ముందు నవ్విండు. నేను నవ్వలేదు. "మార్కులు కంప్యూటర్ల ఎక్కించిన మేడమ్. ఇప్పుడు తీస్తె పైనోళ్లు నన్ను అడుగుతరు" అన్నడు.

"అయితె ప్రయోగమన్న చేయనియ్యండి. కొత్త ద్రావణం నేను కలుపుత. అన్ని కొత్తగ కలుపుత."

"కలిపి ఏం లాభం?"

"వచ్చింది రాసుకోవచ్చు గద సార్."

ఆయన లేచి తలుపు దగ్గరికి ఏసి వచ్చిండు. కూసోని చాలాసేపు బల్ల మీది మరకను గోటితోని గీకిండు. "నాకు కూడ మా ఎమ్మెస్సీల ఇట్లనే అయింది మేడమ్. రికార్డు ఇచ్చిన్రు, రాసుకున్నం. నిజం చెప్పాలంటె పర్మాంగనేట్ కలపంగ నేను ఎన్నడు చూడలేదు. ఎవరన్న అడుగుతరేమోనని భయమైతది. ఇప్పటిదాక ఎవరు అడగలేదు."

నాకు ఆయన మీద జాలి, రోత రెండు ఒక్కసారే కలిగినయి. దేనికి చోటియ్యాల్నో తెల్వలేదు. "శనివారం రండి, చేద్దాం" అన్న.

శనివారం సెలవు. ల్యాబుల నేను, సార్, నేను రమ్మని పిలిచిన జనగామ పిల్ల. బీరువ అడుగున సీలు తియ్యని పర్మాంగనేట్ డబ్బా ఒకటి దొరికింది. తూకమేసి కలిపి, మరిగించి, చల్లార్చి, గాజు దూది పెట్టి వడగట్టి, ముదురురంగు సీసాల పోసిన. ఒక్కొక్కటి ఎందుకు చేస్తున్ననో చెప్పుకుంట చేసిన. సార్ చిన్న నోటుబుక్కు తీసి రాసుకున్నడు. కాయితంతోని ఎందుకు వడగట్టొద్దని అడిగిండు. "కాయితాన్ని అది తినేస్తది సార్" అంటె అది కూడ రాసుకున్నడు. దాని బలం ఎంతో పరీక్ష చేసి, సరిగ్గ ఉన్నదని తేలినంక, ముందుగాల అందరు పందొమ్మిది పాయింట్ ఆరు రాసిన ఇనుము ప్రయోగమే మళ్ల పెట్టినం. మొదటిసారి నేను చేసిన. రెండోసారి పిల్ల చేసింది, మూడోసారి సార్.

నాకు ఇరవై పాయింట్ మూడు. పిల్లకు ఇరవై పాయింట్ నాలుగు. సార్‌కు ఇరవై పాయింట్ మూడు.

"మరి పందొమ్మిది పాయింట్ ఆరు ఎక్కడిది?" అన్నది పిల్ల.

సార్ బీరువ పైన కట్టలు గట్టి ఉన్న పాత రికార్డులు దించిండు. ముగ్గురం కింద కూసోని ఒక్కొక్కటి తెరిచినం. పోయినేటి దాంట్ల పందొమ్మిది పాయింట్ ఆరే. అంతకుముందు ఏటి దాంట్ల కూడ అదే. చెదలు తిన్న ఒకదాంట్ల కూడ అదే ఉన్నది. మొదలు ఎవరు రాసిన్రో, వాళ్లకన్న నిజంగ వచ్చిందో లేదో తెలిసేటట్టు లేదు. సార్ ఆ కట్టలను మళ్ల పైకి ఎక్కిచ్చిండు, చేతుల దుమ్ము దులుపుకున్నడు.

వారం తరువాత క్లాసుల, అందరు కొత్త ద్రావణంతోని మళ్ల చెయ్యాలె, వచ్చిందే రాయాలె అని చెప్పిండు. పిల్లలకు మండింది. "ఆంటీ, మీవల్ల మా రికార్డులు అన్ని తప్పయినయి" అని ఒక పిల్లగాడు మొఖం మీదనే అన్నడు. సగం మంది చేసిన్రు. మిగిలిన సగం మంది గొట్టం తడపకుండనే పాత అంకె రాసిన్రు. సార్ వాళ్లకు మార్కులు తగ్గించలేదు. నా తొమ్మిది కూడ అట్లనే ఉన్నది కంప్యూటర్ల.

జనగామ పిల్ల దోస్తులు ఆమెను కూడ పక్కకు పెట్టిన్రు. వారం రోజులు ముందు బెంచీల కూసున్నది, నా దిక్కు చూడలేదు. ఒక సోమవారం వచ్చి నా పక్కన బ్యాగు పెట్టి, "అక్కా, గులాబీ రంగు ఎంత లేతగున్నప్పుడు ఆపాలె? నాకు ఎప్పుడు ఎక్కువైతున్నది" అని అడిగింది. కుప్పె కింద తెల్ల కాయితం పెట్టి చూపిచ్చిన.