మా ఆయన మొలతాడు, తుంటి ఆపరేషను

మా ఆయన ఎర్రగుంట్లలో సిమెంటు లారీ తోల్తాడు. కొన్నేండ్ల కింద లారీ బోల్తా పడి కాలు ఇరిగితే, అతికేదానికి ఆయన తుంటి అంచులోనుంచే ఎముక ముక్క తీసి పెట్టినారు. కాలు అతుక్కునింది, మళ్లీ లారీ ఎక్కినాడు. తుంటికాడ మాత్రం సందు మిగిలిపోయింది. ఆ సందులోంచి పేగు బయటికొచ్చి, చర్మం కింద జామకాయంత ఉబ్బు లేసింది. దగ్గితే లేస్తాది, పండుకుంటే పోతాది, అన్నం తింటే గుడగుడ అంటాది.

ఈ మహానుభావుడు ఏం చేసినాడో ఇనండి. డాక్టరు కాడికి పోకుండా, మొలతాడును ఆ ఉబ్బు మీదికి లాగి గట్టిగా బిగించుకున్యాడు. పైగా "ఇంజనుకు బెల్టు బిగిచ్చినట్ల" అని నాకే పాఠం చెప్తాడు.

"నీ తెలివి తెల్లారినట్టే ఉండాది!" అన్యా.

ఆఖరికి ఒకదినం పేగు లోపలికి పోనని మొండికేసింది. ఒకటే వాంతులు. కడపలో ఆస్పత్రికి ఎత్తకపోయినాం. డాక్టరమ్మ మెల్లగా ఒత్తి ఒత్తి లోపలికి నెట్టింది.

"మళ్లీ చిక్కుకుంటే పేగు కుళ్లిపోతాది, ప్రాణానికే ముప్పు. రేపే ఆపరేషను. సందుకు అడ్డంగా మెష్ అని వలలాంటిది వేసి, మిగిలిన ఎముకకు స్క్రూలతో బిగిస్తాం" అనింది.

"స్క్రూలా? ముందే చెప్పింటే మా లారీ షెడ్డులోనుంచి తెస్తాంటి గదమ్మా" అన్యాడు మా ఆయన.

పొద్దున్నే నర్సమ్మ కత్తెర తీసుకోనొచ్చి, "మొలతాడు తీయల్ల పెద్దాయనా, కోసేది ఆడనే" అనింది. అంతే, మంచం మీద లేసి కుచ్చొని రెండు చేతుల్తో నడుం పట్టుకున్యాడు. "సచ్చినా తెంపనీను!" వార్డంతా నవ్వుతాండారు. నాకు తల కొట్టేసినట్టయింది.

"ఏమయ్యా, పానం పెద్దదా, దారం పెద్దదా? నీ మొండితనం మండిపోను!" అని అరిచినా.

ఆయన నాకంటే గట్టిగా అరిచినాడు. "పెండ్లాం సచ్చినోనికే గదా మొలతాడు తెంపేది! నా పెండ్లాం ఈడ గుండ్రాయి మాదిరి నిలబడుకోని నన్ను తిడతాంటే ఎట్ల తెంపేది?"

పెండ్లయిన కాడ్నుంచి ఒక మూర మల్లెపూలు తెచ్చిచ్చిన పాపాన పోని మనిషి! నాకు నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది.

నర్సమ్మ చేతిలోని కత్తెర గుంజుకున్యా. "కండ్లు మూసుకో" అన్యా. మూసుకున్యాడు. నడుం మీద చేతులు తీసినాడు. బిగిచ్చి బిగిచ్చి ఆ తాడు కండలోకి దిగబడిపోయింది. మెల్లగా వేలు దూర్చి, తెంపినా.

కండ్లు తెరవకుండానే అడిగినాడు, "ఉండావా మే?"

"ఉండా. నిన్ను ఇడిసిపెట్టి యాడికి పోతా? పా, లోపలికి పో."