ముల్లు ఎర్రగీత దాటిన రోజు

మా తోడల్లుడు కొత్త కారు కొన్న దగ్గర్నుంచి నాకు అన్నం సయించలేదు. నా డీజిల్ కారేమో ఎడ్లబండికి కూడా దారిచ్చే రకం. నరసరావుపేటలో తెలిసిన మెకానిక్ దగ్గరికి తీసుకెళ్లి, కంప్యూటర్ పెట్టి ఇంజిన్ బలం పెంచమన్నాను. పని మొదలెట్టే ముందు బండి ఓనరు చేత నలుగురిలో ఒక మాట అనిపించడం అతని పద్ధతి. షెడ్డులో టీ తాగుతున్న లారీ డ్రైవర్ల ఎదుట నేనూ బానెట్ మీద చెయ్యేసి అన్నాను: "వేడి ముల్లు ఎర్రగీత తాకితే బండి ఆపుతా. ఆపకపోతే పాపం నాది."

ఆ తర్వాత అది కారులా లేదు. స్టార్ట్ చేస్తే పక్కింటి గేదె పాలు చేపడం మానేసింది. యాక్సిలరేటర్ మీద చెప్పు నీడ పడితే చాలు, మాచర్లకని బయల్దేరినవాణ్ణి కృష్ణ దాటి తెలంగాణలో తేలేవాణ్ణి.

మొన్న ఎండాకాలం మేమూ తోడల్లుడి కుటుంబమూ చెరో కారులో గురజాలలో పెళ్లికి బయల్దేరాం. డిక్కీ నిండా స్టీలు సామాను, ఏసీ పూర్తిగా పెట్టి, తోడల్లుడి కారును దాటేసి ముందుకెళ్లాను. ముల్లు ఎర్రగీత దాటిందనీ ఆపమనీ మా ఆవిడ అంది. ఈ ఒక్క లారీ దాటి ఆపుతానన్నాను. పిడుగురాళ్లలో లారీలకు కొదవా? ఇంజిన్ పెద్దగా దగ్గి ఆగిపోయింది. లేచిన ఆవిరి చూసి, ఎవరో కొత్త సున్నపు బట్టీ పెట్టారని పక్క బట్టీలవాళ్లు కంగారుపడి ఉంటారు.

తోడల్లుడు చొక్కా నలక్కుండా దిగొచ్చాడు. నేను వెంటనే ఫోన్ తీసి, స్పీకర్ పెట్టి, నా ఇంజిన్ తగలేశావని మెకానిక్‌ను తిట్టాను. మెకానిక్ గొంతు తగ్గించి అన్నాడు:

"పక్కన చుట్టాలున్నారా అన్నా? సరే, తప్పు నా మీదే ఎయ్యి. బండి మాత్రం మళ్లీ స్టార్ట్ చెయ్యమాక."

ఫోన్ పెట్టేశాడు.

"ఏ షెడ్డు అన్నయ్యా అది? మా ఊళ్లో ఒక్క బండి కూడా ఇంక అటు పోదు" అన్నాడు తోడల్లుడు. పార్టీలో తిరిగే మనిషి, అన్నాడంటే చేస్తాడు. మా ఆవిడ నా మొహం చూస్తూ నిలబడింది.

"ముల్లు దాటింది. చూశా. నీ ముందు ఆగటం ఇష్టంలేక ఆపలా" అన్నాను. నా జన్మలో పెంచకుండా చెప్పిన మాట అదొక్కటే.

అతను నవ్వలేదు. నవ్వినా బాగుండేది. ఆడవాళ్లనూ సామానునూ ఆటో ఎక్కించి, నా కారును తన కారుకు తాడుతో కట్టి నరసరావుపేట వైపు తిప్పాడు. షెడ్డులో నా మాట విన్న ఆ డ్రైవర్లు ఉండకూడదని దారంతా మొక్కుకున్నాను.

టీ తాగుతున్నారు.