హుఫూఫ్ కాలువలో ఒక దీపం

ఆగస్టులో, సౌదీ ఎండల్లో హుఫూఫ్ చూడటానికి వెళ్లేవాణ్ని ఎవరైనా పిచ్చివాడంటారు. మేము చూడటానికి వెళ్లలేదు. మోరితా సార్‌కు పారే నీళ్లు కావాలి, అదీ ఆ రోజు సాయంత్రానికే కావాలి.

మోరితా సార్ జపాన్ ఇంజినీరు. రియాద్‌లో మా కంపెనీకి పంపులు బిగించడానికి వచ్చాడు. నేను ఆయన దగ్గర మెకానిక్‌ని. ఫిబ్రవరిలో ఆయన భార్య వాళ్ల ఊరి ఆస్పత్రిలో పోయింది. అప్పుడు ఆయన ఇక్కడ సైట్‌లో ఉన్నాడు. వాళ్ల వైపు ఆగస్టులో పోయినవాళ్లు కొన్నాళ్లు ఇంటికి వస్తారట. చివరి సాయంత్రం కాగితం లాంతరు మీద పేరు రాసి, వెలిగించి, ఏట్లో వదిలి సాగనంపుతారట. పోయిన తర్వాత మొదటి ఏడాది అది తప్పకూడదట. సెలవు పెడితే, దేశం దాటి మళ్లీ రావడానికి కావాల్సిన ఎగ్జిట్ రీఎంట్రీ కాగితం సమయానికి చేతికి రాలేదు. ఏరన్నదే లేని దేశంలో ఏరు వెతుక్కోవాల్సి వచ్చింది పాపం.

"సముద్రం ఉంది కదా సార్" అన్నాను.

"సముద్రం మళ్లీ ఒడ్డుకే తోస్తుంది. ఆమె వెనక్కి రాకూడదు" అన్నాడు. ఆయన ఇంగ్లీషూ నా ఇంగ్లీషూ రెండూ కుంటివే. అయినా ఈ మాట ఒక్కసారికే అర్థమైంది. హుఫూఫ్ ఖర్జూరం తోటల్లో కాలువలున్నాయనీ, మా జగిత్యాల రాజన్న అక్కడే నీళ్లు పెడతాడనీ చెప్పాను.

పదిన్నరకు రియాద్ స్టేషన్‌లో బండెక్కాం. వెళ్లాలనుకునేవారు టికెట్ ముందే ఫోన్‌లో తీసుకోవాలి, ఇక్కడ ఉండటానికిచ్చే ఇకామా కార్డు జేబులో ఉండాలి. బండిలో ఏసీ ఎంత చల్లగా ఉంటుందంటే శాలువా ఉన్నా తప్పులేదు. సార్ ఒళ్లో అట్టపెట్టె పెట్టుకుని రెండు చేతులతో పట్టుకున్నాడు. లాంతరు ఆయనే చేసుకున్నాడు. మామిడిపళ్ల పెట్టె చెక్కతో అడుగు, ఆఫీసులోని ట్రేసింగ్ కాగితంతో గోడలు. ఎదురు సీట్లో కడప డ్రైవరొకాయన చాలాసేపు చూసి, ఆగలేక నన్నడిగాడు.

"ఏమప్పా, అంత బద్రంగా పట్టుకున్యాడు, పుట్టినరోజు కేకా అది?"

లాంతరని చెప్పి, సంగతి వివరించాను. దిగేటప్పుడు ఆయన సార్ సంచి తానే కిందికి దించి ఇచ్చాడు.

ఒంటిగంట దాటాక హుఫూఫ్‌లో దిగాం. ఎండ ముఖాన కొట్టింది. మలయాళీ హోటల్లో అన్నం, చేప వేపుడు తిన్నాం. సార్ అన్నం సగం వదిలేశాడు. నాలుగున్నర దాకా అక్కడే టీలు తాగుతూ కూర్చుని టాక్సీలో తోటకు వెళ్లాం.

గేటు దగ్గర రాజన్న ముఖం చూడగానే ఏదో తేడా కొట్టింది. కాలువలో చుక్క నీరు లేదు.

"ఇయ్యాల మన వంతు కాదన్నా. మన నీళ్లు రేపు పొద్దుగాల. నువ్వు నీళ్లుంటయా అని అడిగితివి గని, ఏ దినమని అడగకపోతివి."

నిజమే. రోజూ పంపుల మధ్య బతికేవాణ్ని, మీట నొక్కితే నీళ్లొస్తాయనే అనుకున్నాను. తోటకో వంతు ఉంటుందని నాకు తట్టనే లేదు. సార్‌కు ఉన్నదున్నట్టు చెప్పాను. ఆయన కోప్పడలేదు. పెట్టె పట్టుకుని ఎండిన కాలువ వైపు చూస్తూ నిలబడ్డాడు. దానికన్నా నాలుగు తిట్టినా బాగుండేది.

"ఆగుండ్రి" అని రాజన్న పక్క తోటకు నడిచాడు. ఆ రోజు వంతు వాళ్లది. అక్కడ నీళ్లు పెట్టే బంగ్లాదేశ్ మనిషితో హిందీలో బేరం పెట్టాడు. రేపు మా వంతులో గంట నీకిస్తా, ఇప్పుడు అరగంట ఇటు వదులు అని. దేనికని ఆయన అడిగాడు. "ఈ పెద్దమనిషి భార్య కోసం" అన్నాడు రాజన్న. ఆయన పెట్టె వంక చూసి, నోట్లో వక్క నములుతూనే వెళ్లి అడ్డుపలక ఎత్తేశాడు.

ఆరుంపావుకు నీళ్లొచ్చాయి. ముందు ఎండుటాకులు, మట్టి, తర్వాత తేట నీళ్లు. సార్ లాంతరు బయటికి తీశాడు. అప్పుడొక మెలిక పెట్టాడు.

"నువ్వు కింద, చెత్త ఆపే ఇనప జాలీ దగ్గర నిలబడు. వచ్చాక తీసెయ్. రైతు నీళ్లలో చెత్త ఉండకూడదు."

నాకు మనసొప్పలేదు. మా వైపు నీళ్లలో వదిలిన దీపాన్ని మళ్లీ ముట్టుకోం. "వెనక్కి రాకూడదన్నారు కదా సార్?" అన్నాను.

"అక్కడికి వచ్చేది కాగితమే. ఆమె అప్పటికే వెళ్లిపోయి ఉంటుంది. వదిలేది ఇంటివాళ్లు, తీసేది వేరేవాళ్లు. మా ఊళ్లోనూ అంతే."

నేను రెండొందల అడుగులు దిగువకు వెళ్లి నిలబడ్డాను. ఖర్జూరం చెట్ల మధ్య వెలుతురు తగ్గిపోతోంది. లాంతరు మెల్లగా వచ్చింది. ఒకచోట గట్టుకు తగిలి ఆగి, గిర్రున తిరిగి, మళ్లీ సాగింది. చేతుల్లోకి తీసుకునేసరికి ఇంకా వెలుగుతూనే ఉంది. ఊదేద్దామని వంగాను. నా వల్ల కాలేదు. మా అన్న పోయినప్పుడు చితి వెలగడం నేను ఇక్కణ్నుంచే ఫోన్‌లో చూశాను. మధ్యలో సిగ్నల్ పోయింది. అది గుర్తొచ్చి ఏడుపొచ్చింది. లాంతరును గట్టు మీద పెట్టి పక్కనే కూర్చున్నాను. కొవ్వొత్తి కరిగి దానంతటదే ఆరడానికి ఇరవై నిమిషాలు పట్టింది.

రాజన్న పెట్టిన ఖర్జూరాల సంచితో ఎనిమిదింటి బండి అందుకున్నాం. ఊరు దాటాక సార్ అడిగాడు.

"నీ దగ్గరికి వచ్చేసరికి వెలుగుతోందా?"

"వెలుగుతోంది సార్. ఊదలేకపోయాను. ఆరేదాకా పక్కనే కూర్చున్నాను. అందుకే ఆలస్యమైంది."

ఆయన కిటికీ వైపు తిరిగాడు.

"మా ఊళ్లో ఊదేస్తారు. వందల దీపాలు కదా, అంత తీరిక ఎవరికీ ఉండదు."

ఖర్జూరాల సంచి ఒళ్లోకి తీసుకున్నాడు.

"ఆస్పత్రిలో ఆఖరి గంట ఆమె పక్కన ఎవరూ లేరు. ఈసారి ఒకరున్నారు."

ఈ దేశంలో పన్నెండేళ్లుగా తిరుగుతున్నాను. ఎక్కడికి వెళ్లినా పని మీద వెళ్లి పని చూసుకుని వచ్చాను. ఒకరింటికి చుట్టంగా వెళ్లి వచ్చినట్టు అనిపించింది మాత్రం ఈ ఒక్కసారే.